నన్ను తిట్టని పెళ్ళిబంతి

చెన్నపట్నంలో పెద్దమనుషులకు ఒక జబ్బుంది. పాట విన్నాక బాగుందనో బాగాలేదనో చెప్పి ఇంటికి పోరు. "తమరి గురువుగారెవరు?" అని అడుగుతారు. ఆ పేరు విన్నాక గాని తాము విన్నది సంగీతమో కాదో వాళ్ళకు తేలదు. మొదట్లో నేను ఉన్నమాటే చెప్పేదాన్ని. "మా పక్కింటి చిన్నమ్మండీ, పరుపులు కుట్టేది" అనేదాన్ని. వినయం కాబోలు అనుకుని నవ్వేవాళ్ళు. ఒక పత్రికాయన మాత్రం తల పంకించి, బుద్ధిగా రాసుకుపోయి, "వీరు ప్రాచీన సంప్రదాయమున గురుముఖతః అభ్యసించిరి" అని అచ్చు వేయించాడు. ఆ ముక్క చదివి మా ఆయన మూడు రోజులు నన్ను 'గురుముఖతః' అనే పిలిచాడు.

ఆ గురుముఖం ఎలా ఉండేదో చెప్తాను. పొగాకు నమిలి నల్లబడిన పళ్ళు, కొప్పులో గుచ్చిన దబ్బనం, కనురెప్పల మీద ఎప్పుడూ దూది. మా ఊరు కర్నూలుకు పడమటి వైపు, ఆదోనికి పోయే దారిలో. నల్లరేగడి నేల. వాన పడితే బండి కదలదు, పడకపోతే బతుకు కదలదు. మా ఇంటికీ దూదేకుల వాళ్ళింటికీ మధ్య ఒక్క మట్టిగోడ. గోడకు అటు చిన్నాయన విల్లు మీటుతూ దూది ఏకేవాడు, చిన్నమ్మ ఆ దూదిని గలేబుల్లో కూరి పరుపులు కుట్టేది. వాళ్ళు సాయిబులు, మేము కాము. అయినా వరస వరసే గనక ఆమె మాకు చిన్నమ్మ, ఆయన చిన్నాయన. పీర్ల పండగనాడు మా ఇంట్లో పొయ్యి వెలిగేది కాదు, ఉగాదినాడు వాళ్ళింట్లో వెలిగేది కాదు. ఎవరింట్లో పండగైతే వాళ్ళింట్లో తినేవాళ్ళం.

చిన్నమ్మది తేనెలాంటి గొంతు అని రాస్తే చదివేవాళ్ళకు సుఖంగా ఉంటుంది గాని అది పచ్చి అబద్ధం. పైకి పోతే గీరుకునేది, కిందికి దిగితే దగ్గొచ్చేది. దూదిలో బతికేవాళ్ళ గొంతు అంతకన్నా బాగుండమంటే ఎట్లా ఉంటుంది? కానీ ఆమె పాట ఎత్తుకుంటే వీధి వీధంతా చేటలు కింద పెట్టి వినేది. ఎందుకంటే ఆమె పాడేవి తిట్లు.

పెళ్ళిళ్ళలో తిట్లపాటలు అన్ని చోట్లా ఉన్నవే. మగపెళ్ళివారు బంతిలో కూర్చుంటారు, విస్తట్లో అన్నం పడుతుంది, ఆడపెళ్ళివారి వైపు ఆడవాళ్ళు ఎదురుగా నిలబడి వియ్యపురాలి ముక్కు వంకరనీ, వియ్యంకుడి పొట్ట బానంతనీ పాడతారు. పాపం ఆ వియ్యపురాలి ముక్కు చక్కగానే ఉంటుంది. ఏ పెళ్ళికి పోయినా అదే ముక్కు, అదే పొట్ట. చిన్నమ్మకు ఇవంటే ఒళ్ళుమంట. "అందరికీ ఒగే తిట్టు తిడితే అది తిట్టు యాడైతాది మే? పంతులు మంత్రమైతాది" అనేది. ఆమె దగ్గర తిట్టు నిజమై ఉండాలి. ఆ మనిషిదే అయి ఉండాలి, పక్కవాడికి తొడిగితే పట్టకూడదు. పైగా పేరు ఎత్తకూడదు. వరసా గుణమూ మాత్రం చెప్పి, చరణం మధ్యలో ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగిన క్షణంలో బంతిలో వాళ్ళందరి తలకాయలూ ఆ మనిషి వైపే తిరగాలి. తిరిగాయంటే తిట్టు గెలిచినట్టు. తిరగలేదంటే ఆ రోజంతా ఆమెకు అన్నం సయించేది కాదు.

అందుకని పెళ్ళి కుదిరిందని తెలిసిన రోజు నుంచి ఆమెకు నిద్ర ఉండేది కాదు. కొత్త దంపతుల పరుపుకు మంచం కొలత తీసుకోవాలని మగపెళ్ళివారి ఊరికి పోయేది. మంచం కొలవడానికి మూర దారం చాలు, మనుషుల్ని కొలవడానికి ఒక పూట పట్టేది. ఎవరు గురక పెడతారు, ఎవరు పిలవకముందే కాళ్ళు కడుక్కుని కూర్చుంటారు, ఎవరు పక్క విస్తట్లో ఓళిగలు, అదే మీ బొబ్బట్లు, తమ విస్తట్లో వాటితో పోల్చి చూసుకుంటారు, అన్నీ పట్టుకొచ్చేది. వచ్చాక పరుపు కుడుతూ చరణాలు కట్టేది. మేము ఆడపిల్లలం గోడ పక్కన చేరి వంత నేర్చుకునేవాళ్ళం. నాకు సరిగమలు రాకముందే ఎక్కడ ఆగాలో వచ్చింది.

ఇందులో ఒక తిరకాసుంది. పట్నం వాళ్ళకు ఎంత చెప్పినా అర్థం కాదు. మా దగ్గర తిట్టు తిన్నవాడికి అవమానం కాదు, తిననివాడికి అవమానం. మా వీధిలోనే ఒక పెళ్ళికి మా మేనమామ మగపెళ్ళివారి వైపు వచ్చాడు. పప్పు అయింది, చారు అయింది, అందరి మీదా చరణాలు పడుతున్నాయి, ఆయన మీద పడలేదు. మజ్జిగ వచ్చేదాకా ఓపిక పట్టాడు. పట్టి, ఎంగిలి చేత్తోనే లేచి నిలబడ్డాడు.

"ఏమప్పా, నేను దారిన పోయేటోన్నా? నాలో ఒగ్గ వంకర గూడా కనపడలేదా మీ ఆడోళ్ళకు? ఇంతోటి పెళ్ళికి పిలవకుంటేనేం?" అని వీధిలోకి నడిచాడు. వియ్యంకులు వెనకే పరిగెత్తారు. చిన్నమ్మ మాత్రం గడప మీద నిలబడి ఆయన నడక చూసింది. చూసి ఎత్తుకుంది:

నడకేమి నడకమ్మ మామయ్యది
నాగలి విడిచిన ఎద్దు నడకమ్మా
అలకేమి అలకమ్మ మామయ్యది
మజ్జిగ చూస్తేనే తీరేటి అలకమ్మా

మా మామ వీధి చివర ఆగాడు. పాట అందరికీ వినపడిందో లేదో అటూ ఇటూ చూసుకున్నాడు. వచ్చి కూర్చుని రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. చచ్చేదాకా ఆ ఎద్దు నడక సంగతి వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పుకుని మురిసిపోయాడు.

ఇలాంటి చదువు చదివినదాన్ని చెన్నపట్నానికి ఎలా పోయానంటే, మా నాయన పొరపాటు వల్ల. సంబంధం తెచ్చినాయన "పిల్లోడు పొద్దస్తమానం కచేరీల్లోనే ఉంటాడప్పా" అన్నాడు. మా నాయనకు తెలిసిన కచేరీ తాలూకా కచేరీ ఒక్కటే. సర్కారు కొలువు, కుర్చీ, టోపీ, జవాను, అన్నీ కళ్ళకు కట్టాయి. మూడుముళ్ళూ పడ్డాక తేలింది, అల్లుడు హార్మోనియం వాయిస్తాడని, ఆ కచేరీ వేరే కచేరీ అని. మా నాయన నెల రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. నేను ఆ హార్మోనియం పెట్టె పక్కన నా పెట్టె పెట్టుకుని రైలెక్కాను.

పట్నంలో మా ఆయనకు ఒక నాటకాల కంపెనీలో పని. రాణి వేషం కట్టే ఆమెకు జ్వరం వచ్చింది. ఆమె పాటలన్నీ రోజూ మా ఇంట్లో హార్మోనియం మీద విని విని నాకు నోటికి వచ్చు. ఆ రాత్రి కిరీటం నా నెత్తిన పెట్టారు. ఆ కబురు మా ఊరు చేరిన తర్వాత మా నాయన "నాకు ఇద్దరే పిల్లలు" అన్నాడట. మేము ముగ్గురం. కొడుకూ చిన్నకూతురూ మిగిలారు, పెద్దదాన్ని నేను లెక్కలోంచి పోయాను. ఆ మాట విని నేను ఏడ్చాను. ఆయన పోయి ఇన్నేళ్ళయినా నాకు ఆ మాట మీద కోపం పోలేదు, పోతుందని కూడా అనుకోను.

కంపెనీవాళ్ళు నా తెలుగు బాగుచేయడానికి ఒక పంతులుగారిని పెట్టారు. "ఉండాది కాదమ్మా, ఉన్నది. యాడ కాదు, ఎక్కడ. శానా అనకు, మిక్కిలి అను" అని ఆయన రోజూ నా నోరు కడిగేవాడు. నేను ఎక్కడైనా తప్పితే అరవంలో విసుక్కునేవాడు. చిన్నమ్మ దగ్గర నేర్చుకున్న ఆగడం చూసి మాత్రం ఆయన బెంబేలెత్తిపోయాడు. "అక్కడ తాళం పోతోంది తల్లీ, ఆ సందు పూడ్చు" అనేవాడు. పూడ్చేశాను. రాణి వేషంలో ఆగే పనేముంది? ఏడుపు పాటలన్నీ గడగడా పాడి కిందపడి చచ్చిపోవడమే కదా.

అట్లా బుద్ధిగా చచ్చిపోతూ ఉంటే ఒక షావుకారు ఇంట్లో పెళ్ళికి పాడమని పిలుపు వచ్చింది. ఆడపెళ్ళివారు. "మీ వైపు వియ్యాలవారి పాటలు భలేగా ఉంటాయట గదా, పాడండి" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ముందురోజే పోయి వాళ్ళింట్లో కూర్చున్నాను. ఎవరు ఎలా తింటున్నారు, ఎలా నడుస్తున్నారు, అన్నీ చూసుకున్నాను. వియ్యపురాలు మాటిమాటికీ స్తంభం చాటుకు పోయి వస్తోంది. ఎందుకా అని చూస్తే, ముక్కుపొడి. ఇంకేం కావాలి? మర్నాడు బంతిలో ఎత్తుకున్నాను:

వియ్యపురాలి కొంగున ఏముందమ్మా
పట్టు కొంగున పట్నంపొడి డబ్బీ ఉందమ్మా
స్తంభమే తుమ్మెనని అందరంటారు
స్తంభానికి బులాకీ యాడిదమ్మా

నేను ఆగాల్సిన చోట ఆగాను. తలలన్నీ తిరిగాయి. ఒక్క క్షణం చిన్నమ్మ చూస్తే ఎంత బాగుండును అనుకున్నాను. మరుక్షణం వియ్యపురాలు విస్తరి నెట్టేసి లేచింది. నేను మా మామను తలుచుకుని, అలక తీరాలంటే ఇంకో చరణం పడాలి కాబోలు అనుకుని, ఆమె లేచిన తీరు మీద ఇంకొకటి కట్టాను. అంతే. పెళ్ళికొడుకు తండ్రి పెళ్ళి ఆపేస్తానన్నాడు. షావుకారు నా వైపు చేతులు జోడించాడు, దండం కాదు, దయచేయమని. నన్ను పెరటి దారిన పంపించారు. వాళ్ళ దగ్గర పాటల్లో ముక్కు వంకర ఉండవచ్చు గాని ముక్కులో పొడి ఉండకూడదని నాకెవరూ చెప్పలేదు.

ఆ పెళ్ళి బంతిలో కూర్చున్నవాళ్ళల్లో గ్రామఫోను ప్లేట్ల ఏజెంటు ఒకాయన ఉన్నాడు. వారం తిరక్కుండా మా ఇంటికి వచ్చి, "అమ్మా, ఆ తిట్లపాటలు ప్లేటు ఇద్దాం, జనం పడి చస్తారు" అన్నాడు. గోడలకు బొంతలు వేలాడదీసిన ఒక గదిలో నన్ను నిలబెట్టారు. ఎదురుగా మైకు తప్ప మనిషి లేడు. "ఎవరిని తిట్టమంటారు?" అని అడిగాను. "ఎవరినీ కాదమ్మా, ఊరికే తిట్టండి" అన్నాడు. ఊరికే ఎలా తిట్టాలో నాకు తెలియలేదు. చివరికి ఏం పాడి ఉంటానో చెప్పండి? వియ్యపురాలి ముక్కు వంకర, వియ్యంకుడి పొట్ట బానంత.

ప్లేటు విపరీతంగా అమ్ముడుపోయింది. కాఫీ హోటళ్ళలో, షాపుల్లో, జాతరల్లో ఎక్కడ విన్నా నా గొంతే. ఇప్పుడు అందరికీ నా యాస కావలసి వచ్చింది. నా నోట్లోంచి 'ఉండాది'ని పీకేసిన పంతులుగారినే పిలిపించి మళ్ళీ పెట్టించారు. ఆయన వాటిని ఉండకూడని చోట్లన్నీ పెట్టాడు. పూడ్చమన్న సందు కూడా తవ్వమన్నారు. అక్కడ ఆగితే ప్లేటు వినేవాళ్ళు నవ్వుతారట. నేను ఆగేదాన్ని. ఎవరి వైపూ ఏ తలా తిరగని ఖాళీలో ఆగి, మళ్ళీ ఎత్తుకునేదాన్ని. పత్రికల్లో 'హాస్యగాన సరస్వతి' అని రాశారు. పట్నంలో అందరూ గారూ, మీరూ అనే పిలుపులు. నా మొహం మీద నా తప్పు చెప్పే మనిషి ఒక్కరు లేరు. మా ఆయన తిట్టేవాడనుకోండి, ఆ తిట్టుకు తాళం ఉండేది కాదు.

యుద్ధం రోజుల్లో మా తమ్ముడు గుడ్డల బేరానికి పట్నం వచ్చి మా ఇంటి తలుపు తట్టాడు. వాడికి కడపలో బట్టల కొట్టు. నేను నాటకాల్లో చేరినప్పుడు వాడు సిగ్గుతో తలెత్తుకోలేకపోయాడు. నా ప్లేటు వచ్చాక తల దించుకోలేకపోతున్నాడు. కొట్లో నా ప్లేటు పెట్టి, "మా అక్కే" అని చెప్పి చీరలు అమ్ముతున్నాడట.

"అక్కా, మా వానికి చెల్లెలి కూతుర్ని చేసుకుంటాండాం. మన ఊర్లోనే పెండ్లి. నువ్వు రాకుంటే బాగుండదు" అన్నాడు.

మా చెల్లెల్ని మా ఊళ్ళోనే ఇచ్చారు, ఆ పాత వీధిలోనే కాపురం. "చిన్నమ్మ ఉందా?" అని అడిగాను. "ఉండాది. పండ్లన్నీ ఊడిపోయినాయి, నోరు మాత్రం ఊడలేదు" అన్నాడు. నేను అప్పుడే పెట్టె సర్దడం మొదలుపెట్టాను.

లెక్క ప్రకారం నాకు రెండు వైపులా చోటుంది. పెళ్ళికూతురికి నేను పెద్దమ్మను, పెళ్ళికొడుకుకు మేనత్తను. చెల్లెలి వైపు చేరితే తిట్టేవాళ్ళ వరసలో చిన్నమ్మ పక్కన నిలబడి పాడవచ్చు. ఇంత పేరున్న గాయని పక్కన పాడితే ఎవరికైనా గొప్పే. నేను మాత్రం కడపకు పోయి మగపెళ్ళివారితో కలిసి బయల్దేరాను. తిట్టడం నాకు పట్నంలో రోజూ ఉండేదే. నాకు కావలసింది తిట్టు తినడం. మా నాయన నన్ను లెక్కలోంచి తీసేశాడు, సరే. ఆ ఊరు తీసేసిందా లేదా అన్నది చిన్నమ్మ నోట్లో ఉంది. ఆమె నన్ను తిడితే నేను ఆ వీధి మనిషిని, తిట్టకపోతే దారిన పోయేదాన్ని. రైల్లో కూర్చున్నంతసేపూ నాకు ఇదే ఆలోచన.

ఆమెకు శ్రమ లేకుండా వంకరలు కూడా తెచ్చుకున్నాను లెండి. బంగారు కట్టు కళ్ళద్దాలు, మొహాన పౌడరు, మడమ ఉన్న చెప్పులు, వేడి పోకుండా కాఫీ పోసుకునే ఫ్లాస్కు. వాటిలో ఏ ఒక్కటి చాలు, గుడ్డిది కూడా చరణం కట్టగలదు అనుకున్నాను. పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిచే బస్సు మమ్మల్ని సగం దారిలో దింపింది, మిగతా దారి బండ్ల మీద పోయాం. ఆ రేగడి దుమ్ము పౌడరు మీద పడి నా మొహం ఒక రంగుకు వచ్చింది. మంచిదే, ఇదీ పనికొస్తుందిలే అనుకున్నాను.

బండి దిగగానే నాకోసం కుర్చీ తెచ్చారు! మా వీధిలో, నేను గోడలెక్కి దూకిన వీధిలో, ఎవరింటి నుంచో అడిగి తెచ్చిన కుర్చీ. పిల్లలు చుట్టూ చేరి నోళ్ళు తెరుచుకుని చూశారు. చిన్నమ్మ వచ్చింది. నడుం వంగిపోయింది, రెప్పల మీద దూది అట్లాగే ఉంది. నేను లేచి కౌగిలించుకోబోతే ఒక అడుగు వెనక్కి వేసింది, నా చీర నలుగుతుందని.

"బాగుండారామ్మా?" అంది.

చిన్నప్పుడు మా ఆడపిల్లలందరినీ 'మే' అనే పిలిచేది. ఇప్పుడు మే అనలేదు, మీరు అంది. పట్నంలో ఊరందరూ నన్ను మీరు అన్నారు, నేను సంతోషంగా అనిపించుకున్నాను. ఈమె అంటే చెంప మీద కొట్టినట్టుంది. "బాగుండా చిన్నమ్మా" అని గొణిగాను. ఆమె తలూపి, పని ఉందని వెళ్ళిపోయింది.

మర్నాడు బంతి పెట్టారు. నాకు వేరే వడ్డిస్తామన్నారు, పీట మీద కూర్చోమన్నారు, నేను మొండికేసి అందరితోపాటు చాప మీద, మా తమ్ముడి భార్య పక్కన కూర్చున్నాను. ఎదురుగా ఆడవాళ్ళ వరస, మధ్యలో చిన్నమ్మ. ఆమె దగ్గి గొంతు సవరించుకుంది. మొదటి చరణం మా తమ్ముడి మీద. అక్క పాటతో చీరలు అమ్ముకునే షావుకారు, కొట్లో అక్క పాడుతుంటే మూర కొలిచే చెయ్యి కురచబడుతుందని. బంతంతా గొల్లుమంది. వీడు కడపలో మూర తక్కువ కొలుస్తాడని ఈ ముసలిదానికి ఎలా తెలిసిందో ఆ దేవుడికే తెలియాలి. తర్వాత మా మరదలి మీద. నిద్రలో కూడా తాళాలగుత్తి వదలదని. మరదలు సిగ్గుపడి మొహం దాచుకుంది, సంతోషం పట్టలేక.

వరసలో తర్వాత నేను. నడుం నిటారుగా పెట్టుకున్నాను. కళ్ళద్దాలు కూడా బాగా కనపడేలా సర్దుకున్నాను. చిన్నమ్మ నా మొహం కేసి చూసింది. చూసి, నన్ను దాటి, నా అవతలి పక్కనున్న మరదలి తమ్ముడి మీద ఎత్తుకుంది.

మరిచిపోయి ఉంటుంది, మళ్ళీ వస్తుందిలే అనుకున్నాను. చారు వచ్చింది. ఓళిగలు వచ్చాయి, కంట్రోలు రోజులు గనక అరచేయంతవి. పెళ్ళికొడుకు స్నేహితుల మీద పడ్డాయి చరణాలు, ఆఖరికి మమ్మల్ని తెచ్చిన బండివాడి మీద కూడా పడింది. బండివాడు! వాడు ఒక్క పూట మాతో ఉన్నాడు, వాడికి ఒక చరణం. నేను ఆ మట్టిగోడ పక్కన పుట్టి పెరిగినదాన్ని, నాకు లేదు. మజ్జిగ వచ్చింది. మా మామలాగా లేచి వీధిలోకి నడవాలనిపించింది గాని, వెనకాల ఎవరూ రాకపోతే అన్న భయం పట్టుకుంది. కూర్చునే అడిగేశాను.

"చిన్నమ్మా, నన్ను మరిచినావా?"

పాట ఆగిపోయింది. చిన్నమ్మ నాలుగడుగులు ముందుకు వచ్చింది.

"మరవలేదమ్మా. నిన్న నుంచీ చూస్తానే ఉండా. మిమ్మల్ని ఏమని తిట్టేది? కండ్లద్దాలు పట్నమోళ్ళందరికీ ఉంటాయి. పౌడరు అందరూ పూసుకుంటారు. అది మీది యాడైతాది? మీరు ఏం తింటారో, ఎట్ల పండుకుంటారో, ఎవరితో కొట్లాడతారో మాకేం తెలుసు? మీ తమ్ముడు తెచ్చిన ప్లేటు ఇన్నా. దాంట్లో వెతికినా. ఒగ్గ తప్పు గూడా లేదు. తెలీని మనిషిని తిట్టేది ఎట్ల? నేను అబద్ధం పాడలేను."

ఆమె గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది. నిజంగానే కష్టపడి వెతికి, దొరక్క, ఓడిపోయిన మనిషిలాగా చెప్పింది. నాకు ఏడుపు వచ్చింది. రంగస్థలం మీద ఏడ్చేలాంటి అందమైన ఏడుపు కాదు. ముక్కు కారింది, కళ్ళద్దాలు జారాయి, పౌడరూ దుమ్మూ కలిసి చారలు కట్టాయి. పట్టుకొంగుతో చర్రుమని చీదాను. ఇంత పెద్ద గాయని ఇలా ముక్కు చీదడం చూసి పిల్లలు కూడా నోరు మూసుకున్నారు.

చిన్నమ్మ వంగి నా మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది. పరుపు కొలతకు పోయినప్పుడు మంచం వదిలేసి మనుషుల్ని చూసే చూపు అది. ఆమె నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా నిలబడి, దగ్గి, ఎత్తుకుంది:

తిడితే ఏడ్చేటోళ్ళు శానా మందమ్మా
తిట్టలేదని ఏడ్చె...

అక్కడ ఆగింది. బంతి బంతంతా నా వైపు తిరిగింది. ఒక్క తల కూడా మిగల్లేదు.

...మేనత్త చూడమ్మా
మజ్జిగలో ఉప్పేసే పని లేదమ్మా
మద్రాసు కండ్లద్దాలు కారెనే చూడమ్మా

వెనక వరస ఆడవాళ్ళు వంత అందుకున్నారు. బండివాడు చప్పట్లు కొట్టాడు. మా చెల్లెలు వడ్డించే గరిటె పట్టుకుని అట్లాగే నవ్వుతూ ఏడుస్తోంది. "ఇంగ సాలా మే? ఇంగోటి కట్టాల్నా?" అని చిన్నమ్మ నన్ను అడిగింది.

మా మరదలు మోచేత్తో పొడిచి చెవిలో అంది: "వదినా, అట్ల చూస్తాండావేం? కోపం జెయ్యి. మూతి ముడుచుకోని విస్తరి ముందర నుంచి లేస్తే గదా వాళ్ళొచ్చి బతిమిలాడేది, అదే గదా మర్యాద!"

ఆమె చెప్పింది నిజమే. లేవడానికి ప్రయత్నించాను కూడా. నాటకాల్లో భర్త మీద, సవతుల మీద, దేవుళ్ళ మీద కోపం నటించి ఇన్నేళ్ళు అన్నం తిన్నదాన్ని, ఎంత బిగబట్టినా ఆ పూట నా మూతి ముడుచుకోలేదు.